పాత యాడ్స్‌లో మాట్లాడే జంతువులు – ఈ ఎల్సీ ఆవు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

అబిడ్స్_ఆదివారం
అందరికీ నమస్కారం అండి. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిపోయిన అమెరికన్ మ్యాగజైన్ ఒకటి దొరికింది, 1940ల నాటిది, లోపలి పేజీలు చాలావరకు బానే ఉన్నాయి, బేరం కూడా ఆడకుండా కొనేశా. అందులో ఫుల్ పేజీ యాడ్ ఒకటుంది, అది చూసినప్పట్నుంచి మనసంతా దానిమీదే ఉంది. ఒక ఆవు ఏప్రన్ కట్టుకుని, మెళ్ళో పూలదండ వేసుకుని, రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, ఎదురుగా ఎద్దు, అంటే ఆవిడ మొగుడన్నమాట, దేనిమీదో విసుక్కుంటుంటాడు, పక్కన దూడపిల్ల. కింద సగం పేజీ వాళ్ళ సంభాషణే. ఆయన అరుస్తాడు, ఆవిడ ఓపిగ్గా సర్దిచెప్తుంది, ఆ సర్దిచెప్పడంలోనే ఒక్కో సరుకు పేరు వచ్చేస్తుంది, డబ్బా పాలు, చీజ్, హెమో అని పాలల్లో కలుపుకునే పొడి. కంపెనీ బోర్డెన్, ఆవు పేరు ఎల్సీ, ఎద్దు ఎల్మర్.

నాకు తెలుసుకోవాలని ఉన్నదేంటంటే, పాలు అమ్మే కంపెనీ మనుషుల్ని పెట్టకుండా ఆవు చేత ఎందుకు మాట్లాడించింది? జనం దాన్ని ఎలా తీసుకున్నారు? ఇలాంటి బొమ్మలు ఇంకా ఏమున్నాయి? తెలిసినంత రాయండి ప్లీజ్, చిన్నదైనా పర్లేదు.

యాడ్_మనిషి
భలే దొరికింది అండి మీకు. నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఫీల్డులోనే ఉన్నా, ఎల్సీ కథ మాకు పాఠం లాంటిది.

1930ల్లో అమెరికాలో పాల రైతులకీ పెద్ద డైరీలకీ గొడవలు బాగా ముదిరాయి. రేటు పడిపోయింది, 1933లో విస్కాన్సిన్‌లో రైతులు సమ్మెకి దిగి పాలు రోడ్ల మీద పారబోశారు. పట్నంలో తల్లులకి పాలు ఖరీదు, ఊళ్ళో రైతుకి గిట్టుబాటు లేదు, మధ్యలో తినేది డైరీ కంపెనీయే అని జనంలో కోపం. ఆ టైంలో బోర్డెన్ వాళ్ళు "మా పాలు మంచివి" అని సొంత గొంతుతో చెప్తే ఎవరు వింటారు? అందుకని 1936లో కార్టూన్ ఆవుల్ని దింపారు, అదీ ముందు డాక్టర్లు చదివే మెడికల్ జర్నల్స్‌లో. ఒక దాంట్లో దూడ "అమ్మా, నాకు క్రిమి కనపడుతోందే" అంటుంది, తల్లి "అయ్యయ్యో, పరిగెత్తి బోర్డెన్ ఇన్‌స్పెక్టర్‌ని పిలుచుకురా" అంటుంది. డాక్టర్లకి అవి తెగ నచ్చి, వెయిటింగ్ రూముల్లో పెట్టుకుంటాం కాపీలు పంపమని కంపెనీకి రాశారట.

తర్వాత 1938లో రేడియోలో వార్తలు చదివే ఆయన ఒక యాడ్ చదివాడు. ఎల్సీ వాళ్ళమ్మకి రాసిన ఉత్తరం అది: అమ్మా, సంతోషంతో నెమరు కూడా వేయలేకపోతున్నా, మా పాలు ఇప్పుడు బోర్డెన్ వాళ్ళకే వెళ్తున్నాయి, ప్రేమతో ఎల్సీ. అంతే, అంత చిన్నది. అప్పటిదాకా బొమ్మల్లో ఉన్న చాలా ఆవుల్లో ఎల్సీ ఒకతె, ఆ ఉత్తరం తర్వాత మిగతావన్నీ వెనక్కి పోయి ఎల్సీ ఒక్కతే ముందుకొచ్చింది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉందనుకుంటా. అమ్మేవాడి మాట మీద నమ్మకం పోయినప్పుడు వాడు వేరే నోరు వెతుక్కుంటాడు. ఆవు అబద్ధం చెప్తుందని ఎవరూ అనుకోరు కదా.

ఎన్జే_తెలుగమ్మాయి
అయ్యో ఈ ఎల్సీ మా పక్క ఊరిదే! నేను న్యూజెర్సీలో ఉంటాను, మా ఫ్రెండ్స్ సగం మంది ప్లెయిన్స్‌బరోలోనే, అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది. అక్కడ వాకర్ గోర్డన్ ఫామ్ అని ఒక కాలనీ ఉంది, పేరు ఎందుకలా అని ఎప్పుడూ ఆలోచించలేదు, తర్వాత తెలిసింది అది ఒకప్పుడు నిజంగానే పాల ఫారం అని. అక్కడ 1930లో రోటోలాక్టర్ అని ఒక యంత్రం పెట్టారు, రంగులరాట్నం లాగా గుండ్రంగా తిరిగే వేదిక, ఒకేసారి 50 ఆవులు ఎక్కుతాయి, ఒక చుట్టు తిరిగేలోపు పాలు పితకడం అయిపోయి దిగిపోతాయి.

1939లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో బోర్డెన్ వాళ్ళు ఆ యంత్రాన్నే షోగా పెట్టారు, 150 ఆవుల్ని తెచ్చి. జనం వచ్చి యంత్రం గురించి అడగడం మానేసి "ఇందులో ఎల్సీ ఏది?" అని అడగడం మొదలెట్టారట. అప్పటికి ఎల్సీ అంటే బొమ్మే, నిజం ఆవు లేనేలేదు! అప్పుడు ఆ మందలో కళగా ఉన్న ఒక జెర్సీ ఆవుని చూసి ఇదే ఎల్సీ అన్నారు. దాని అసలు పేరు యూల్ డూ లొబేలియా, మసాచుసెట్స్‌లో బ్రూక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టింది. మరుసటి ఏడు దానికి ప్రత్యేకంగా గదే కట్టారు, వెన్న చిలికే పీపాలు బల్లలు, పాల సీసాలు దీపాలు. మధ్యలో అది సినిమాలో నటించడానికి హాలీవుడ్ వెళ్తే ఆ గది ఖాళీగా ఉండకూడదని మొగుడు ఎల్మర్‌ని తెచ్చి పెట్టారు. అలా పుట్టాడు మీ పేజీలో విసుక్కునే ఎద్దు.

ఇంకోటి, ఇక్కడ పిల్లల్ని స్కూల్లో వేసే ప్రతి అమ్మానాన్నకీ ఎల్మర్ తెలుసు, మనకే తెలీదు తెలుసని. స్కూల్ సామాన్ల లిస్టులో రాసే తెల్ల జిగురు ఎల్మర్స్ గ్లూ, సీసా మీద ఎద్దు మొహం ఉంటుంది కదా, ఆయనే ఈయన! బోర్డెన్ వాళ్ళ కెమికల్ విభాగం 1947లో వేరే పేరుతో తెచ్చిన జిగురుకి 1951లో ఎల్మర్ పేరు పెట్టారు.

కరీంనగర్_కాకా
మస్తు థ్రెడ్ తమ్మీ. నాకు ఇంగ్లీష్ యాడ్లు అంతగ తెల్వదు గానీ మా ఇంట్ల ఒక జంతువు బొమ్మ ఉండె, గది యాదికొచ్చింది. మా నాయిన దగ్గర రికార్డులు ఉండేవి, నడుమ గుండ్రటి కాగితం మీద కుక్క బొమ్మ, గ్రామఫోన్ బూర ముంగట కూసొని ఇంటుంటది. మేం కంపెనీ పేరు చెప్పకపోదుము, కుక్క బొమ్మ రికార్డు అనే అంటుండె. ఆ కుక్క ఒక్క మాట మాట్లాడది, ఇంటదంతే. నాకైతే గిప్పటికీ అన్ని యాడ్ల కన్న గదే మంచిగనిపిస్తది. దాని కథ ఎవలకన్న ఎరుకనా?

రంగులబ్బాయి
కాకా గారు, ఎరుకే. నేను బెజవాడలో సైన్‌బోర్డులు రాసి బతికినవాణ్ణి, చిన్నప్పుడు ఆ కుక్కని చూసే బొమ్మలు నేర్చుకున్నా. ఆ కుక్క పేరు నిప్పర్, ఇంగ్లండులో బ్రిస్టల్‌లో 1884లో పుట్టింది, 1895లో పోయింది. యజమాని పోయాక ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ బారో దగ్గర పెరిగింది, ఆయన పెయింటరు. కుక్క పోయిన మూడేళ్ళకి గుర్తుచేసుకుని వేశాడు బొమ్మ. ముందు వేసింది గ్రామఫోన్ కాదు, ఎడిసన్ తరహా సిలిండర్ ఫోనోగ్రాఫ్. ఎవరూ కొనలేదు. చివరికి 1899లో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు, మా మెషిన్ వేసిస్తే కొంటాం అంటే పాతదాని మీదే రంగు పూసి కొత్తది వేశాడు. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి 50 పౌన్లు. అసలు పెయింటింగుని వెలుతురులో ఒక కోణం నుంచి చూస్తే అడుగున పాత మెషిన్ ఇప్పటికీ కనిపిస్తుందంటారు.

ఇక ఆవు చేత మాట్లాడించడం గురించి, నా చేతికి తెలిసింది చెప్తా. ఆవు కళ్ళు మొహానికి చెరోపక్కా ఉంటాయి, ఎదురుగా నిలబడి చూస్తే అది మనల్ని చూస్తున్నట్టే ఉండదు. మాట్లాడే ఆవు కావాలంటే ముందు చేయాల్సింది ఆ రెండు కళ్ళనీ ముందుకు తేవడం. తర్వాత కనుబొమలు, ఆవుకి కనుబొమలు లేవు, కానీ అవి లేకపోతే కోపమో జాలో పలకదు. రెప్పవెంట్రుకలు పొడుగు చేస్తే ఆడమనిషి వస్తుంది. చివర్న నోరు. ఈ నాలుగూ ఎంత తక్కువ మార్చి పని కానిస్తే అంత గొప్ప బొమ్మ, ఎందుకంటే ఎక్కువ మారిస్తే ఆవు మాయమై ఆవు మాస్కు వేసుకున్న మనిషి మిగులుతాడు. ఫ్రాన్సులో బెంజమిన్ రాబియే అని ఒకాయన ఈ పనిలో అందరికీ గురువు, పారిస్ పెద్ద మార్కెట్‌లో ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి మాంసం మోసే లారీల మీద ఆయన నవ్వే ఆవు బొమ్మ ఉండేది, జర్మన్ల వాల్కిరీ (వాళ్ళ పాత కథల్లో యుద్ధదేవత) మాటని వెక్కిరిస్తూ దానికి వాష్‌కిరీ అని పేరు, ఫ్రెంచిలో పలికితే నవ్వే ఆవు అనే వినిపిస్తుంది. ఆ లారీల దళంలో పనిచేసిన లియాన్ బెల్ యుద్ధం అయ్యాక 1921లో అదే పేరుతో చీజ్ పెట్టాడు. లాఫింగ్ కౌ అని ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో కూడా దొరికేది అదే. ఆ ఆవు చెవి పోగులు చూడండి ఎప్పుడైనా, ఆ పోగులు చీజ్ డబ్బాలే, ఆ డబ్బా మీద మళ్ళీ అదే ఆవు.

అబిడ్స్ గారూ, మీ పేజీ మీద భూతద్దం పెట్టి చూడండి. రంగు ముద్దగా కాకుండా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, నీలం, గులాబీ, పసుపు, నలుపు. ఎల్సీ బుగ్గ మీద ఆ చుక్కలు ఎలా పడ్డాయో చూస్తే అచ్చువేసినవాడి పనితనం తెలుస్తుంది.

పాడిఇల్లు
నేను రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. మా ఇంట్లో పుట్టినప్పట్నుంచి పాడే, ఇప్పటికీ నాలుగు ఆవులున్నాయి, పొద్దున్నే నేనే పితుకుతాను.

రంగులబ్బాయి గారు నోరు దగ్గర ఆగిపోయారు కాబట్టి చెప్తున్నా, ఆవుకి ముందువైపు పైపళ్ళు ఉండవండి. కింద పళ్ళే, పైన గట్టి చిగురు అంతే, గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది. బొమ్మల్లో పైపళ్ళు కనపడేట్టు నవ్వే ఆవుని చూస్తే మా అబ్బాయి చిన్నప్పుడు "అమ్మా దీనికి ఎవరి పళ్ళు పెట్టారు" అని అడిగేవాడు.

కానీ నన్ను పట్టేసింది అది కాదు. ఆ ఉత్తరం. మా పాలు కంపెనీకి వెళ్తున్నాయి అమ్మా, సంతోషంగా ఉంది అని ఆవు రాయడం. ఈనిన ఆవు దగ్గర్నుంచి దూడని తప్పిస్తే అది మూడు రోజులు అరుస్తుంది, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తుంది, మేం అందుకే దూడకి తాగించాకే పితుకుతాం. ఆవు మాట్లాడితే మొదట అడిగేది దూడ గురించే. మన ఆవు-పులి కథలో కూడా అంతే కదా, పులి నోటి ముందు నిలబడి ఆవు అడిగింది ఒక్కటే, ఇంటి దగ్గర బిడ్డ ఆకలితో ఉంది, పాలిచ్చి, నలుగురితో మంచిగా ఉండమని బుద్ధి చెప్పి తిరిగొస్తా అని. చిన్నప్పుడు ఆ కథ వినేటప్పుడు ప్రతిసారీ ఏడ్చేదాన్ని, ఇప్పుడు చెప్పేటప్పుడు కూడా గొంతు పూడుకుపోతుంది. ఆ ఆవూ మాట్లాడింది, ఎల్సీ కూడా మాట్లాడింది. ఒకతె బిడ్డ కోసం మాట్లాడింది, ఒకతె పాలు కొనేవాళ్ళ కోసం మాట్లాడింది. ఆ బొమ్మ బాగోలేదని అనట్లేదు, చాలా అందంగా ఉండుంటుంది. కానీ నాకు ఆ మాట ఆవుది అనిపించలేదు.

యాడ్_మనిషి
అమ్మా, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. మీరు చెప్పింది కాదనలేను, కానీ ఒక్క యాడ్ మీ ముందు పెట్టాలనిపిస్తోంది, ఎందుకంటే అందులో జంతువు తన మాటే మాట్లాడింది.

బోవ్రిల్ అని బ్రిటన్‌లో గొడ్డుమాంసం సారం సీసాల్లో అమ్మేవాళ్ళు. 1896లో ఒక పోస్టర్ వేశారు. పెద్ద ఎద్దు, ఎదురుగా చిన్న బోవ్రిల్ సీసా, ఎద్దు తలవంచి ఆ సీసాని చూస్తోంది, కంట్లో నీళ్ళు. కింద రాసింది ఒకే మాట, "అయ్యో! పాపం నా తమ్ముడు!" అంతకుమించి ఏం లేదు. అప్పట్లో జనం నవ్వుకున్నారు, అందుకే అంత పేరొచ్చింది. కానీ నూట పాతికేళ్ళ తర్వాత చూస్తే నాకు నవ్వు రాదు. సీసాలో ఏముందో ఆ ఎద్దుకి తెలుసు, తెలుసు అని చెప్పింది. యాడ్స్ చరిత్రలో అంత నిజం చెప్పిన జంతువు ఇంకోటి నాకు కనపడలేదు.

ఆ బోవ్రిల్ యాడ్స్ చూసుకున్నది లండన్‌లో ఎస్.హెచ్. బెన్సన్ ఏజెన్సీ. నలభై ఏళ్ళ తర్వాత అదే ఏజెన్సీలో జాన్ గిల్‌రాయ్ అనే ఆర్టిస్టు గిన్నెస్ బీరుకి జూ జంతువుల బొమ్మలు వేశాడు, 1935 నుంచి. సర్కస్‌లో సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) ముక్కు మీద వస్తువులు నిలబెట్టడం చూసి, గ్లాసు కూడా నిలబెడుతుంది కదా అనుకున్నాడట. సీ లయన్, నిప్పుకోడి లాంటివి జూ కాపలాదారు గ్లాసు లాక్కుపోతుంటాయి, పాపం వెనక పరిగెత్తే ఆ కాపలాదారు మొహం గిల్‌రాయ్ సొంత మొహమే. అందులో టూకాన్ పిట్ట చాలా ఏళ్ళు గిన్నెస్ గుర్తుగా నిలిచింది. ఇక్కడ జంతువులు గొప్పలేం చెప్పవు, ఎత్తుకుపోతాయి. మాట కంటే ఆ పనే బలంగా ఉంటుంది, కాకా గారి కుక్క వినడం లాగా.

వైజాగ్_వల
మాది చేపల వ్యాపారం, అందుకని ఒకటి అడగాలనుంది. అమెరికాలో స్టార్‌కిస్ట్ డబ్బా చేపకి చార్లీ అనే ట్యూనా చేప బొమ్మ ఉంది, 1961 నుంచి, కళ్ళద్దాలు, ఎర్ర టోపీ. దాని కథంతా ఏంటంటే నన్ను పట్టుకోండి, నాకు మంచి అభిరుచి ఉంది అని బతిమాలుతుంది, కంపెనీ ప్రతిసారీ "సారీ చార్లీ" అని తిప్పి పంపేస్తుంది, మాకు అభిరుచి ఉన్న చేప వద్దు, రుచిగా ఉన్న చేప కావాలి అని. వలలో పడ్డ చేప ఎలా కొట్టుకుంటుందో పుట్టినప్పట్నుంచి చూస్తున్నా, మా తిండి అదే, దాన్ని తప్పనను. కానీ చేప తనే డబ్బాలోకి రావాలని కోరుకుంటున్నట్టు పిల్లలకి చూపించడం నాకు నచ్చలేదు. పాడిఇల్లు అక్క చెప్పింది నాకు బాగా అర్థమైంది. తినేవాళ్ళం తింటున్నాం అని ఒప్పుకోవాలి, అది దాని కోరికే అనకూడదు.

అబిడ్స్_ఆదివారం
ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. మీరు చెప్పాక మళ్ళీ పేజీ తీసి చూశా, భూతద్దం కూడా పెట్టి చూశా రంగులబ్బాయి గారూ, ఎల్సీ బుగ్గ మీద గులాబీ చుక్కలు పలచగా మొదలై చెవి దగ్గరికొచ్చేసరికి చిక్కబడ్డాయి, ఎంత ఓపికో. పాడిఇల్లు అమ్మా, మీ మాట చదివాక ఆ దూడనే చూస్తున్నా. దూడ పేరు బ్యూలా అని వెతికితే తెలిసింది. ఈ యాడ్‌లో దూడ మధ్యలో కూర్చుని ఇద్దరి మొహాలూ చూస్తోంది, ఒక్క మాట మాట్లాడదు.

ఒక సంగతి గమనించారా, నిప్పర్ విషయంలో ముందు కుక్క బతికింది, తర్వాత బొమ్మ అయింది. ఎల్సీ విషయంలో ముందు బొమ్మ, తర్వాత దానికి సరిపోయే ఆవుని వెతికారు. రెండోదాంట్లో నిజం ఆవు బొమ్మకి లోబడి బతకాలి కదా.

యాడ్_మనిషి
సరిగ్గా పట్టుకున్నారు. అమెరికా అడవుల శాఖ స్మోకీ బేర్ కూడా అంతే. 1944లో బొమ్మ పుట్టింది, అడవికి నిప్పు పెట్టొద్దని చెప్పే ఎలుగుబంటి, అంతకుముందు డిస్నీ వాళ్ళ జింకపిల్ల బాంబీని ఏడాదికి మాత్రమే వాడుకోనిచ్చారు కాబట్టి సొంత జంతువు కావాల్సి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత 1950లో న్యూమెక్సికోలో అడవి కాలిపోతుంటే కాళ్ళు కాలిన ఎలుగు పిల్ల ఒకటి చెట్టు మీద దొరికింది. దానికి స్మోకీ అని పేరు పెట్టి వాషింగ్టన్ జూలో ఉంచారు, 1976లో చనిపోయేదాకా అక్కడే. అది మాత్రం సరుకు అమ్మే బొమ్మ కాదు, కాలిపోయిన అడవిలోంచి వచ్చిన పిల్ల ఆ మాట చెప్తే ఆ మాటకి హక్కు ఉంది అనిపిస్తుంది నాకు.

పాడిఇల్లు
ఆ ఎలుగు పిల్ల సంగతి బావుంది బాబూ. దాని గొంతు దానిదే. తమ్ముడి కోసం ఏడ్చిన ఎద్దుది కూడా. ఎన్జే అమ్మాయీ, మరి ఆ నిజం ఆవు చివరికి ఏమైంది తల్లీ?

ఎన్జే_తెలుగమ్మాయి
అక్కా, ఎక్కువ కాలం బతకలేదు. 1941 ఏప్రిల్‌లో షో కోసం ట్రక్కులో న్యూయార్క్ తీసుకెళ్తుంటే రావే అనే ఊళ్ళో వెనకనుంచి ఇంకో ట్రక్కు గుద్దింది, ఇక్కడ ఎడిసన్ ఊరు దాటి వెళ్తే వచ్చే ఊరే. వెన్నుకి దెబ్బ తగిలింది, ప్లెయిన్స్‌బరో ఫారానికి వెనక్కి తెచ్చారు, ఇంక లాభం లేదని బాధ లేకుండా ప్రాణం తీసేశారు. అక్కడే పాతిపెట్టారు. రాయి ఇప్పటికీ ఉందంటున్నారు. ఈ శనివారం వెళ్ళి చూసొచ్చి చెప్తా.

రంగులబ్బాయి
ఈలోపు అబిడ్స్ గారికి ఒక్క మాట. ఆ పేజీని లామినేషన్ మాత్రం చేయించకండి, వేడికి రంగు పోతుంది, మళ్ళీ ఊడదీయడం కుదరదు. టేపు కూడా వద్దు, నాలుగేళ్ళలో పచ్చగా మచ్చ పడుతుంది. పుస్తకానికి ఇనప పిన్నులుంటే మన తేమకి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, మెల్లిగా విప్పి తీసేయండి. పాలిస్టర్ కవరులో పెట్టి, వెనక ఆమ్లం లేని కాగితం ఉంచి, ఎండ తగలని చోట పడుకోబెట్టండి. స్కాన్ ఒక్కసారే చేయండి, 600 డీపీఐలో, మళ్ళీ మళ్ళీ తీయక్కర్లేకుండా.

ఎన్జే_తెలుగమ్మాయి
వెళ్ళొచ్చానండి. మా పాపని కూడా తీసుకెళ్ళా. మామూలు కాలనీ, గేటు దగ్గర చిన్న పచ్చిక, అక్కడ రాయి. ఎల్సీ అని, కింద యూల్ డూ లొబేలియా అని అసలు పేరు, మేలు జెర్సీ జాతి ఆవు అని ఉంది. దాని కింద "మన కాలపు గొప్ప ఎల్సీల్లో ఒకతె" అని. ఒకతె అన్నారంటే తర్వాత ఇంకొకతెని తెచ్చి అదే పేరు పెట్టారన్నమాట, ఎల్సీ ఆగలేదు. 1932 నుంచి 1941.

పాప దాని అసలు పేరు ఏదమ్మా అని అడిగింది. లొబేలియా అని చెప్పా. ఇంటికొచ్చేదాకా లొబేలియా అనే పిలుస్తూ వచ్చింది. పాడిఇల్లు అక్కా, రాయి మీద దూడ గురించి ఏమీ లేదు, మీ కోసం రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాను.

పాడిఇల్లు
చూసొచ్చినందుకు చల్లగా ఉండు తల్లీ. మా పెద్దావు నిన్న రాత్రి ఈనింది, ఆడదూడ. మీ పాపని అడుగు, ఆ పేరు మా దూడకి పెట్టుకోవచ్చా అని.